నర్మదా పరిక్రమలో ముక్కూ మొహం తెలియని ఇంట రాత్రి బస: ఎలా అడగాలి, ఎంత తీసుకోవాలి

నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. నదిని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకుని ఒక ఒడ్డున సముద్రం దాకా, రెండో ఒడ్డున పుట్టుక చోటైన అమర్‌కంటక్ దాకా, మళ్ళీ బయల్దేరిన చోటికి నడవడమే పరిక్రమ. అది 2,600 కిలోమీటర్లకు తగ్గదు. రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్ల లెక్కన నాలుగైదు నెలల పని. ఇన్ని రాత్రులకు ముందే గదులు మాట్లాడుకునే వీలు ఆ దారిలో లేదు, అవసరమూ లేదు. ఆశ్రమాలు, గుళ్ళు, బడి వరండాలు, అన్నిటికన్నా ఎక్కువగా మామూలు రైతుల ఇళ్ళు నడిచేవాడికి నీడా తిండీ ఇస్తాయి. తరాలుగా ఇస్తూనే ఉన్నాయి.

పరిక్రమ నియమాల గురించి, పుణ్యం గురించి తెలుగులో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. సాయంత్రం నాలుగున్నరకు ఎవరిదో ఇంటి ముందు సంచితో నిలబడి ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇక్కడ చెప్పేది అదే.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోవాలి. ఆ ఇంటివాళ్ళు అన్నం పెట్టేది మీ ఊరికీ మీ ఉద్యోగానికీ కాదు, మీ మంచితనానికి అసలే కాదు. నర్మదా మైయా, అంటే నర్మదమ్మ, పంపిన మనిషి అని పెడతారు. కాబట్టి మీరు ఎవరో నిరూపించుకోనక్కర్లేదు, మొహమాటంతో చచ్చిపోనక్కర్లేదు. అలాగని అది మీ హక్కూ కాదు. దారిలో పేచీలన్నీ దాదాపు ఈ రెండో సంగతి మరిచినవాళ్ళ వల్లే వస్తాయి.

బయల్దేరే ముందే తేలిపోయేవి

తొలి ఏకాదశి నుంచి చాతుర్మాస్యం. అప్పుడు నడిచేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. కార్తికంలో ఉత్థాన ఏకాదశి దాటాక కొత్తవాళ్ళు సంకల్పం చెప్పుకుని బయల్దేరతారు. ఎక్కువమంది మొదలుపెట్టేది ఓంకారేశ్వర్‌లో. అందుకని ఆ తరవాతి రెండు మూడు వారాలు అక్కడి నుంచి దిగువకు ఆశ్రమాల్లో కాలు పెట్టే చోటుండదు. వడ్డించేవాళ్ళకూ ఓపిక అయిపోతుంది. గుంపు సాగిపోయాక, మార్గశిరం మధ్యలో బయల్దేరితే అదే ఆశ్రమంలో మీ పేరు అడిగి మరీ చాయ్ ఇస్తారు. కాకపోతే మరీ ఆలస్యం చేస్తే చివరి నెల ఎండలో పడుతుంది. ఏప్రిల్లో ఆ లోయ మాడిపోతుంది. మొదలు ఓంకారేశ్వరే కావాలన్న నిబంధన లేదు, ఒడ్డున ఎక్కడైనా సంకల్పం చెప్పుకోవచ్చు. మొదలుపెట్టిన చోటే ముగించాలి, అంతే.

2024 మే పుష్కరాలకు ఓంకారేశ్వర్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళకు ఒక హెచ్చరిక. జ్యోతిర్లింగం ఉన్నది నది మధ్య ద్వీపం మీద. పరిక్రమలో నదిని దాటకూడదు, ద్వీపాల మీద కాలు పెట్టకూడదు. దర్శనం సంకల్పానికి ముందే చేసుకోవాలి. తరవాతైతే దక్షిణ ఒడ్డునున్న మమలేశ్వర్‌తో సరిపెట్టుకోవాలి.

ఎంతమంది కలిసి నడవాలన్నది బసను నేరుగా నిర్ణయిస్తుంది. ఇద్దరైతే ఏ ఇల్లయినా సర్దుకుంటుంది. ముగ్గురు, నలుగురు పరవాలేదు. ఆరుగురు దాటితే రైతు ఇల్లు పనికిరాదు, ఆశ్రమమే కావాలి. ఎనిమిది మంది ఒక్కసారి వాకిట్లో దిగితే ఆ ఇల్లాలు రెండు కిలోల పిండి కలపాలి. గుంపుగా వచ్చినా సాయంత్రానికి ఇద్దరేసి చొప్పున వేరే వేరే ఇళ్ళకు చీలిపోవడం మంచి పద్ధతి.

సంచి 7, 8 కిలోలు మించకూడదు. ఆతిథ్యం దొరుకుతుంది కదా అని వదిలేయకూడనివి కొన్నున్నాయి: సొంత కంచం, గ్లాసు, చెంచా; కింద పరుచుకునే మందపాటి చాప; సరైన దుప్పటి లేదా స్లీపింగ్ బ్యాగు. చాలాచోట్ల ఇచ్చేది నేల, పైకప్పు, అంతే. అమర్‌కంటక్ వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ మంచు పేరుకుంటుంది. ఇంటివాళ్ళు తాము కప్పుకునే కంబళి తీసి మీకిచ్చి పిల్లల్ని దగ్గరికి లాక్కుని పడుకునే పరిస్థితి తెచ్చిపెట్టకండి. రెండు లీటర్ల నీళ్ళు పట్టే సీసాలు, ఒక కర్ర, టార్చి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. తెల్లబట్టలు తప్పనిసరి కాకపోయినా వేసుకోండి. అరకిలోమీటరు దూరం నుంచే మీరెవరో తెలుస్తుంది. అప్పుడు సగం మాటలు మీరు మాట్లాడక్కర్లేదు. ఆధార్ నకళ్ళు రెండు మూడు, సంకల్పం చేసిన చోట తీసుకున్న పరిక్రమ పత్రం సంచి పై అరలో ఉండాలి. ఆశ్రమాల్లో పుస్తకంలో పేరు రాసుకుని ఆ పత్రం మీద ముద్ర వేసిస్తారు. ఊళ్ళో ఎవరికైనా అనుమానం వస్తే గొంతు పెంచకుండా చేతికిచ్చేయాల్సిందీ అదే.

నోటికి రావాల్సిన పది మాటలు

హిందీ బాగా రాకపోయినా గడుస్తుంది. కానీ ఈ కొన్ని మాటలు తడుముకోకుండా రావాలి.

పలకరింపు ఒక్కటే: "నర్మదే హర్!" రామ్ రామ్, నమస్తే అన్నీ దీని తరవాతే. ఎదుటివాళ్ళు పలికినా పలకకపోయినా మీరు ముందు అనండి. ఆడవాళ్ళను "మాతాజీ" అనో "మైయా" అనో, పెద్దాయనను "దాదా" అనో "కాకా" అనో పిలవాలి. గుజరాత్‌లోకి వచ్చాక "బెన్", "భాయ్" సరిపోతాయి. శూల్‌పాణి కొండల్లో ఉండే భిల్లు గిరిజనుల్లో మగవాళ్ళను "మామా" అంటారు, వాళ్ళకూ ఆ పిలుపే ఇష్టం. మిమ్మల్ని "బాబాజీ" అన్నా "మాతాజీ" అన్నా కంగారు పడకండి. వయసు పాతికైనా అంతే.

"కిత్నీ మూర్తి హై?" అంటే ఎంతమంది అని. మూర్తి అన్నది నడిచేవాళ్ళను లెక్కపెట్టే మాట. "దో మూర్తి" అనాలి. వెనక ఇంకా ముగ్గురు వస్తుంటే అప్పుడే చెప్పాలి. ఇద్దరని చెప్పి, పొయ్యి ఆర్పాక మిగతా ముగ్గురు దిగితే అంతకన్నా తలవంపు లేదు.

"రాత్ రుక్‌నే కీ వ్యవస్థా హో జాయేగీ?" ఇది బస అడిగే తీరు. "ఆసన్ లగా లీజియే" అన్నారంటే ఒప్పుకున్నట్టు. చాప పరుచుకోవచ్చు. "భోజన్ ప్రసాదీ" అంటే వండిన భోజనం. "సదావ్రత్" అంటే పచ్చి సరుకు, వండుకోవడం మీ పని. ఏది ఇస్తారని ముందే అడగడంలో తప్పులేదు. నిజానికి అడిగితేనే వాళ్ళకు సుళువు.

దారి అడిగేటప్పుడు "కిత్నీ దూర్?" (ఎంత దూరం) అనకండి. "బస్, థోడా ఆగే" అంటారు, ఆ కొంచెం ఏడు కిలోమీటర్లు ఉండొచ్చు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, అలిసిన మొహం చూసి ధైర్యం చెబుతున్నారు. "పైదల్ కిత్నా సమయ్ లగేగా?" (నడిస్తే ఎంతసేపు) అని అడిగి, చెప్పిన సమయానికి సగం కలుపుకోండి. ఒకరిని కాదు, ముగ్గురిని అడగండి. మూడో మనిషి పశువులు కాసే కుర్రాడైతే అతని మాటే ఖాయం చేసుకోవచ్చు.

ఎప్పుడు, ఎక్కడ ఆగాలి

పొద్దున బయల్దేరేటప్పుడే రాత్రి పడుకున్న చోట అడగాలి: ముందు ఏయే ఊళ్ళలో పరిక్రమవాసులను ఉండనిస్తారు, మధ్యాహ్నం ఎక్కడ పెడతారు, ఒడ్డు దారి తెరిచే ఉందా. రెండు పేర్లు తీసుకోండి. ఒకటి మీరు చేరాలనుకునేది, రెండోది దానికి నాలుగైదు కిలోమీటర్లు ముందున్నది. కాలు నొప్పెట్టినా, వాగు అడ్డొచ్చినా రెండోది పనికొస్తుంది.

ఒడ్డు దారా, తారు రోడ్డా అన్న ప్రశ్న రోజూ వస్తుంది. ఒడ్డు దారి చుట్టు తిరుగుడు. ఏటా వరదకు చెదిరిపోతుంది. చెరకు తోటల్లోంచి, ముళ్ళ కంచెల పక్కనుంచి పోవాలి. కానీ ఆతిథ్యం అలవాటున్న ఊళ్ళు ఆ దారి మీదే ఉంటాయి. రోడ్డు మీద దూరం త్వరగా తరుగుతుంది, బస్సుల్లో పరిక్రమ చేసేవాళ్ళను చూసి చూసి జనం మొహం తిప్పుకోరు గానీ మొహం వెలగదు కూడా. సత్తువ ఉన్నన్నాళ్ళూ ఒడ్డే మేలు. ఉపనది కలిసేచోట మాత్రం చూసుకోవాలి. నర్మదాపురం దగ్గర బాంద్రాభాన్‌లో తవా, చాందోద్ దగ్గర ఓర్సంగ్ కలుస్తాయి. ఉపనదిని దాటొచ్చు, నర్మదను మాత్రమే దాటకూడదు. పడవవాడు ఉంటే దాటిస్తాడు, లేకపోతే వంతెన దాకా చుట్టూ తిరగాలి. ఆ చుట్టు ఒక పూట తినేస్తుంది. ఒంటరిగా నీళ్ళలో దిగి లోతు చూడొద్దు. ఎగువన డ్యాము నీళ్ళు వదిలితే మోకాలి లోతు కాస్తా నడుము దాకా వస్తుంది.

డిసెంబరులో ఆరింటికల్లా చీకటి పడిపోతుంది. నాలుగు, నాలుగున్నర మధ్య గడప ముందు ఉండాలి. అప్పటికి పొయ్యి వెలిగించరు, పిండి కలపరు, అదనంగా ఇద్దరంటే ఇబ్బంది ఉండదు. ఇల్లాలికీ మిమ్మల్ని వెలుతురులో చూసి, ఏమనిపించిందో ఇంట్లోవాళ్ళతో చెప్పుకునే వ్యవధి దొరుకుతుంది. చీకటి పడ్డాక తలుపు తట్టే అపరిచితుడిని ఏ ఊళ్ళోనైనా ముందు అనుమానిస్తారు. "ఇంకో ఊరు పోదాం" అన్న మాట నాలుగున్నర తరవాత అనకూడదు.

వాకిట్లో

ఊళ్ళోకి రాగానే గుడి ఎక్కడుందో చూడండి. పూజారో, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళో పరిక్రమవాసి ఎక్కడ ఉంటాడో చెప్పేస్తారు. సగం ఊళ్ళలో దానికంటూ ఒక ధర్మశాల గదో, షెడ్డో ఉంటుంది. తాళం ఒకరింట్లో ఉంటుంది. అది లేకపోతే బడి. బడి అయితే మాస్టారినో సర్పంచినో అడగాలి, పిల్లలు రాకముందే ఖాళీ చేసి ఊడ్చి పెట్టాలి. ఈ రెండూ కుదరకపోతేనే ఇల్లు.

ఇంటి దగ్గర గేటు బయటే నిలబడి గట్టిగా "నర్మదే హర్" అనండి. అని ఆగండి. ఎవరో బయటికి వస్తారు. సంచి దించొద్దు. దించితే అప్పటికే ఉండిపోయినట్టు, కాదనడానికి వాళ్ళకు దారి మూసేసినట్టు. ఎంతమందో, ఎక్కడి నుంచి వస్తున్నారో, వసారాలో పడుకునే చోటు చాలునని చెప్పండి. గదిలో కావాలనకండి. వాళ్ళే లోపలికి రమ్మంటే అది వేరు. ఇంట్లో ఆడవాళ్ళు మాత్రమే ఉంటే మగవాళ్ళు బస అడగొద్దు. "గుడి ఎటు?" అని అడిగి సాగిపోండి. ఆమే పక్కింటి పెద్దాయనను పిలిపించి ఏర్పాటు చేయడం తరచు జరిగే పని.

కాదంటే? ఆ రోజు ఇంట్లో రోగి ఉండొచ్చు, చావు మైల ఉండొచ్చు, పిండి నిండుకుని ఉండొచ్చు. కారణం అడగొద్దు. "కోయీ బాత్ నహీ (పరవాలేదు), నర్మదే హర్" అని వెంటనే కదలండి. వరసగా మూడిళ్ళు కాదంటే ఆ ఊళ్ళో ఏదో జరిగిందని అర్థం. ముందు వెళ్ళిన గుంపు ఏదైనా చెడగొట్టి ఉండొచ్చు. నాలుగో ఇంటికి పోకుండా పక్క ఊరు చూసుకోండి.

ఒప్పుకున్నాక మొదటి పావుగంటలో చేయాల్సినవి వరసగా ఇవి: చెప్పులు వాళ్ళు చూపించిన చోట, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కోవడం, మూత్రానికీ దొడ్డికీ ఎటు వెళ్ళాలో అడిగి తెలుసుకోవడం. అది చీకటి పడ్డాక అడిగితే ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని మీ వెంట రావాలి. మరుగుదొడ్డి లేనిచోట నది వైపు వెళ్ళొద్దు. నీటికి కనీసం 60, 70 మీటర్ల దూరంలో గుంత తీసి పూడ్చాలి. నదిలో సబ్బు వాడకూడదన్నది పరిక్రమ నియమం కూడా. ఫోను ఛార్జింగు ఒక ప్లగ్గే అడగండి, ఇద్దరుంటే పవర్ బ్యాంకు పెట్టుకోండి. ఆ ఇంట్లో ప్లగ్గులు రెండే ఉంటాయి, ఒకటి వాళ్ళబ్బాయిది.

కొన్నిచోట్ల కులం అడుగుతారు. చెప్పడమా మానడమా మీ ఇష్టం. "పరిక్రమవాసీ హూఁ" అన్న జవాబు చాలామందికి సరిపోతుంది. దాని మీద వాకిట్లో వాదన పెట్టుకుంటే మాత్రం ఆ రాత్రికి చెట్టు కిందే.

తిండి: చాయ్ నుంచి గక్కడ్ దాకా

అసలు సమస్య తిండి దొరక్కపోవడం కాదు, ఎక్కువ దొరకడం. ప్రతి ఊళ్ళోనూ చాయ్ తాగి వెళ్ళమంటారు. పంచదార దండిగా ఉంటుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు పూర్తిగా వద్దంటే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు కాబట్టి ముందే "శక్కర్ కీ బీమారీ హై, పానీ పిలా దీజియే" (చక్కెర వ్యాధి ఉంది, నీళ్ళివ్వండి) అనండి. కాదనకుండా వాళ్ళ చేతి నీళ్ళు తాగినట్టవుతుంది. మిగతావాళ్ళు "ఆధా కప్" అని ముందే చెప్పాలి. గ్లాసు నిండాక వదిలేస్తే పారబోసినట్టే.

మధ్యప్రదేశ్ వైపు మందపాటి రొట్టె, పప్పు, కిచిడీ. గుజరాత్‌లో కిచిడీ, కఢీ అనే మజ్జిగ పులుసు, రోట్లా అనే మందపాటి రొట్టె. భిల్లు ఇళ్ళలో మొక్కజొన్న, జొన్న రొట్టె. మనవాళ్ళకు పదో రోజు నుంచి అన్నం మీద ధ్యాస మొదలవుతుంది. ఇంటివాళ్ళను అన్నం అడగకండి. వాళ్ళు నెలకు సరిపడా తెచ్చుకున్న కిలో బియ్యం మీకోసం వండేస్తారు. సదావ్రత్ దొరికినప్పుడు బియ్యం ఉంటే తీసుకుని వండుకోండి. ఆవకాయ చిన్న డబ్బా సంచిలో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. వెల్లుల్లి, ఉల్లి తినని ఆశ్రమాల్లో మాత్రం బయటికి తీయొద్దు.

సదావ్రత్ తీసుకునేటప్పుడు ఒక పూటకే. మనిషికి పావుకిలో పిండి, 50 గ్రాముల పప్పు, ఉప్పూ కారం, చెంచాడు నూనె. ఎక్కువ ఇస్తే అక్కడే తిరిగి పోయాలి. రేపటికని మూటగట్టుకోవడం నియమానికి విరుద్ధం, పైగా మోత.

రొట్టెలు చేయడం రానివాళ్ళకు నర్మద లోయలో ఒక వరం ఉంది, గక్కడ్ అంటారు. పీటా కర్రా పెనమూ అక్కర్లేదు. పావుకిలో పిండిలో ఉప్పు, చెంచా నూనె వేసి చపాతీ పిండి కన్నా గట్టిగా కలిపి పావుగంట మూత పెట్టండి. ఈలోపు ఎనిమిది పది పిడకలు గూడులా పేర్చి అంటించాలి. పిడకలు, పుల్లలు ఎక్కడివి తీసుకోవాలో అడిగే తీసుకోండి, గోడకు కొట్టినవి ఆ ఇంటి వానాకాలం వంటచెరుకు. మంట తగ్గి, పొగ పూర్తిగా పోయి, నిప్పులు ఎర్రగా కణకణలాడే దాకా ఆగాలి. తొందరపడి పొగలో పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పొగ వాసన ఎంత నమిలినా పోదు. పెద్ద నిమ్మకాయంత ఉండలు చేసి కొంచెం అదిమి నిప్పుల మీద పరవండి. రెండేసి నిమిషాలకు తిప్పుతూ ఉంటే అన్నివైపులా గోధుమరంగు మచ్చలు, తరవాత పగుళ్ళు వస్తాయి. అప్పుడు వేడి బూడిదలోకి తోసి కప్పేసి ఇంకో పది నిమిషాలు. తీసి గుడ్డలో వేసి దులిపితే బూడిద రాలిపోతుంది. తుంచినప్పుడు లోపల తడి పిండి కనిపించకపోతే అయినట్టు. అదే నిప్పుల్లో వంకాయ, టమాటా కాల్చి, తొక్క తీసి, ఉప్పు, పచ్చిమిర్చి వేసి చిదిమితే భర్తా. అది మనకు కొత్త కాదు, కాల్చిన వంకాయ పచ్చడే. లేచేముందు నిప్పు మీద నీళ్ళు చల్లి, బూడిద ఎత్తి, పొయ్యి మొదట ఎలా ఉందో అలా చేయాలి.

తిన్న కంచం మీరే కడగండి, వాళ్ళు లాక్కున్నా సరే. ఆశ్రమాల్లో కూరలు తరగడం, వడ్డించడం, ఊడ్వడం మీ వంతు పని. అడిగే దాకా కూర్చోవద్దు.

నీళ్ళు బోరింగువి తాగండి. నది నీళ్ళే తాగాలన్న పట్టింపు ఉంటే మరగకాచుకోండి లేదా క్లోరిన్ మాత్ర వేసుకోండి. ఊరి కాలువ కలిసేచోటికి దిగువన ఆ పట్టింపు మానుకోవడమే తెలివి. కడుపు చెడితే ఓఆర్‌ఎస్ పొట్లాలు కనీసం ఆరు సంచిలో ఉండాలి.

శూల్‌పాణి కొండల్లో లెక్క వేరు

బడ్వానీ దాటాక దక్షిణ ఒడ్డున మహారాష్ట్రలోని ధడ్‌గావ్ మీదుగా గుజరాత్ వైపు సాగే కొండ దారి ఇది. పాతకాలంలో ఇక్కడ భిల్లులు పరిక్రమవాసుల దగ్గరున్నదంతా ఊడ్చుకునేవారు. అది మైయా ఆజ్ఞ, మోహం వదిలిస్తున్నారు అని నడిచేవాళ్ళు సరిపెట్టుకునేవారు. ఇప్పుడా దోపిడీ లేదు, అదే మామలు రొట్టె పెడుతున్నారు. మారనిది పేదరికం. సర్దార్ సరోవర్ డ్యాము ఎత్తు 138.68 మీటర్లకు చేరి, 2017 సెప్టెంబరు 17న ప్రారంభమయ్యాక వెనక నీటిలో ఒడ్డు దారులు, పొలాలు, ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. దారి కొండల పైకి జరిగింది. మీకు వసారా ఇచ్చే కుటుంబం భూమి పోగొట్టుకున్నదే కావచ్చు.

అందుకని ఇక్కడికి రెండు రోజుల సొంత తిండితో రావాలి. అటుకులు, వేరుశనగ, బెల్లం, సత్తుపిండి కలిపి మనిషికి కిలో చాలు. ఇంట్లో పెట్టింది కాదనకండి, కానీ ఒక రొట్టెతో ఆపండి. మీ దగ్గరున్న బెల్లం, వేరుశనగ మధ్యలో పెట్టి అందరితో కలిసి తినండి, అది దానంలా ఉండదు. పిల్లలు "నర్మదే హర్" అంటూ బిస్కట్ల కోసం పరుగెత్తుకొస్తారు. దారి పొడుగునా చాక్లెట్లు విసురుకుంటూ పోవడం ఆ పిల్లలకు అడుక్కోవడం నేర్పడమే, కొండంతా ప్లాస్టిక్ కాగితాలు మిగలడమే. ఇవ్వాలని ఉంటే తల్లి చేతికో, బడి మాస్టారి చేతికో పెన్సిళ్ళు, నోటు పుస్తకాలు ఇవ్వండి. కొండల్లో ఫోను సిగ్నల్ నమ్ముకోవద్దు. ఆరోజు ఏ ఊరు చేరతారో కింది ఊళ్ళోనే ఎవరికైనా చెప్పి కదలండి.

డబ్బు సంగతి

ఇంటివాళ్ళ చేతిలో డబ్బు పెట్టకండి. అన్నం అమ్ముకున్నట్టు వాళ్ళకు అనిపిస్తుంది. ఆశ్రమాల్లో హుండీ ఉంటే మీ శక్తి కొద్దీ వేయండి, ఎవరూ చూడనప్పుడు. తమాషా ఏమిటంటే దారిలో వాళ్ళే మీకు దక్షిణ అంటూ పదో పదకొండో చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెడతారు. ఎనభై ఏళ్ళ అవ్వ వంగుతుంటే గుండె గుభేలుమంటుంది. మీరూ తిరిగి దండం పెట్టండి, డబ్బు తీసుకోండి. కాదనడం ఆమె మొక్కును కాదనడం. ఆ చిల్లర వేరే గుడ్డ సంచిలో వేసి, తరవాతి ఆశ్రమం హుండీలోనో, చిన్న ఆడపిల్లలకు అన్నం పెట్టే కన్యాభోజనానికో వాడేయండి. సొంత ఖర్చుల్లో కలపొద్దు.

ఖర్గోన్ జిల్లా భట్ట్యాణ్ ఆశ్రమంలో సియారామ్ బాబా 2024 డిసెంబరు 11న దేహం చాలించారు. పరిక్రమవాసులకు తన చేత్తో చాయ్ ఇచ్చిన ఆయన భక్తుల దగ్గర 10 రూపాయలకు మించి పుచ్చుకునేవారు కాదు. ఎక్కువ ఇస్తే మిగతాది తిరిగి ఇచ్చేసేవారు. తీసుకోవడానికీ ఒక హద్దు ఉండాలన్నది ఆ ఒడ్డున అందరికీ తెలిసిన మర్యాద.

బెడిసికొట్టే సందర్భాలు

బండి ఆపి ఎక్కమనేవాళ్ళు రోజూ ఉంటారు. "పైదల్ కా సంకల్ప్ హై, భైయా" (నడిచే వెళ్ళాలని సంకల్పం) అంటే వెంటనే అర్థం చేసుకుంటారు. అన్నాక కూడా వదలకుండా ఎక్కమని బలవంతం చేసేవాడు మంచితనంతో చేయడం లేదు. జనం ఉన్న వైపు నడవండి.

ఆడవాళ్ళు ఒంటరిగా నడవడం ఉంది, గౌరవమూ ఉంది. అయినా రాత్రి బస కుటుంబం ఉన్న ఇంట్లోనే, ఆడవాళ్ళ పక్కనే పడుకునేలా అడగాలి. ఒకే ఒక్క మగ సాధువు ఉండే కుటీరంలో వద్దు, ఎంత పేరున్నవాడైనా సరే. మనసుకు తేడాగా అనిపిస్తే కారణాలు వెతకొద్దు. తలనొప్పో, ముందున్నవాళ్ళను కలుసుకోవాలనో చెప్పి లేవండి. 112 నంబరు మూడు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. నెలసరి రోజుల్లో కొన్ని ఆశ్రమాల్లో, గుళ్ళలో లోపలికి రానివ్వరు. ఆ రోజులకు ఇల్లో బడో చూసుకుంటే ఇబ్బంది ఉండదు.

కుక్కలు పొలాల దగ్గర మీద పడతాయి. పరుగెత్తొద్దు, కర్ర ఎత్తొద్దు. కర్రను నేలకు ఆనించి, మొహం అటే ఉంచి మెల్లగా వెనక్కి నడవండి. యజమానికి వినిపించేలా "నర్మదే హర్" అనండి.

పెద్ద ఆశ్రమాల హాలులో ఫోన్లు, డబ్బులు పోతాయి. దొంగ పక్క చాప మీదే ఉంటాడు. నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకుని పడుకోండి. పోయినా, అన్నం పెట్టినవాళ్ళ మీద నింద వేయొద్దు.

జ్వరం వస్తే దాచకండి. ఒక్క రాత్రికని చెప్పి మూడు రోజులు పడకేస్తే ఇంటివాళ్ళు ఏమీ అనలేక నలిగిపోతారు. పొద్దున్నే చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడో అడిగి, ఆశ్రమానికి మారిపోండి. ఆశ్రమానికి రోగిని భరించే వీలుంటుంది, రోజు కూలీ ఇంటికి ఉండదు.

ఇవన్నీ కలిసి పరీక్ష పెట్టేది గుజరాత్ సముద్రతీరాన విమలేశ్వర్ దగ్గర. దక్షిణ ఒడ్డు అక్కడ అయిపోతుంది. సముద్రం మీదుగా పడవలో ఉత్తర ఒడ్డున మీఠీ తలాయికి చేరాలి. మూడు నాలుగు గంటల ప్రయాణం. పోటు వచ్చినప్పుడే పడవ కదులుతుంది, అది పగలో అర్ధరాత్రో చెప్పలేం. ఒక్కోసారి రెండు రోజులు ఎదురుచూడాలి. ముందూ వెనకా నడిచినవాళ్ళంతా ఒకేచోట పోగుపడతారు, మంచినీళ్ళకు కటకట. అక్కడ సేవ చేసేవాళ్ళు కసురుకున్నా పట్టించుకోకండి, వాళ్ళు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. పేరు రాయించుకుని, మూడు లీటర్ల నీళ్ళు, పొడి తిండి దగ్గర పెట్టుకుని, సంచిని ప్లాస్టిక్ కవరులో కట్టేసి, పిలిచిన వెంటనే లేచేలా ఉండండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. వాంతులయ్యేవాళ్ళు గంట ముందే మాత్ర వేసుకోవాలి.

వెళ్ళేటప్పుడు, వెళ్ళాక

పొద్దున ఆరింటికి లేచి పడుకున్న చోటు ఊడ్చి, చెప్పి బయల్దేరండి. చెప్పకుండా చీకట్లో జారుకుంటే ఇంటివాళ్ళు ముందు తమ సామాన్లు లెక్క చూసుకుంటారు. ఫోటో కావాలంటే అడిగి తీయండి, పిల్లలవీ ఆడవాళ్ళవీ అయితే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగాకే. ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరూ, ఇంటి గుర్తులూ ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. మంచి ఉద్దేశంతో ఒకరు పెట్టిన నంబరు చూసుకుని సీజనంతా రోజుకు పదిమంది ఫోన్ చేసి "రాత్రికి వస్తున్నాం, అన్నం ఉందా" అని అడిగితే, ఆ రైతు మరుసటి ఏడు తలుపు తీయడు. వెనక వచ్చేవాళ్ళకు ఊరి పేరు, గుడి పేరు చెబితే చాలు. పరిక్రమ పూర్తయి కన్యాభోజనం పెట్టాక, నంబర్లు ఇచ్చినవాళ్ళకు ఒక్క ఫోన్ చేసి క్షేమంగా చేరామని చెప్పండి. చాప, దుప్పటి, గిన్నెలు బాగుంటే రైల్లో మోసుకురాకుండా ఓంకారేశ్వర్‌లోనే ఏదైనా ఆశ్రమానికి ఇచ్చేయండి. కార్తికంలో వచ్చేవాళ్ళలో సగంమంది సరైన దుప్పటి లేకుండానే దిగుతారు.